పాత లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ వేయించాక బూట్ గొడవ, తెరుచుకోని ఇ డ్రైవ్, మారిపోయిన విండోస్: ఏది ముందు చూడాలి, షాపును ఏం అడగాలి

మీరు రాసింది ముందు కుదించి చెప్తాను. ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్లకీ అర్థమవుతుంది. లాప్‌టాప్ 2016 నాటిది, ఇంటెల్ ఆరో తరం ఐ5, 1 టీబీ హార్డ్‌డిస్కు, కొన్నప్పుడే విండోస్ 10 హోమ్‌తో వచ్చింది. బాగా నెమ్మదించిందని షాపులో ఇస్తే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశారు. డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ ఖాళీలో పాత హార్డ్‌డిస్కును క్యాడీలో (డీవీడీ డ్రైవ్ ఆకారంలో ఉండే చట్రం) బిగించారు. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ 476 జీబీయే చూపిస్తోంది. పాత డిస్కు తీసేస్తే అసలు బూటే కావట్లేదు. ఫోటోలున్న ఇ డ్రైవ్ తెరవబోతే ఫార్మాట్ చేయమంటోంది. హోమ్ పోయి విండోస్ ప్రో వచ్చి కూర్చుంది. ఇంత చేసినా ఆన్ కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతోంది. వెళ్లి అడిగితే ‘డిస్కు పోయింది సార్, డేటా రికవరీకి ఎనిమిది వేలవుతుంది’ అన్నారు.

వీటిలో షాపువాళ్ల తప్పు ఏమాత్రం లేనిది 476 ఒక్కటే. మిగతావి చాలావరకు తొందర పని వల్ల వచ్చినవే, అన్నీ సరిచేయగలిగినవే. అయితే మీరు అడిగిన వరసలో చేయకండి. మీకు బూట్ సమస్య పెద్దదిగా కనిపిస్తోంది గానీ, విండోస్‌ను ఎన్నిసార్లైనా మళ్లీ ఎక్కించుకోవచ్చు, ఫోటోలను ఎక్కించుకోలేం. ఇ డ్రైవ్‌లో ఉన్నది బయటికి వచ్చేదాకా ఆ హార్డ్‌డిస్కు మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయనివ్వకండి. షాపుకి మళ్లీ ఇవ్వడం కూడా అప్పటిదాకా వద్దు.

476 సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. తయారీదారు 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లని లెక్కేస్తాడు. విండోస్ 107 కోట్ల 37 లక్షల చిల్లర బైట్లకి ఒక జీబీ అంటుంది. అందుకే 512 జీబీ అన్నది సుమారు 476గా, 1 టీబీ 931గా, 240 జీబీ 223గా కనిపిస్తాయి. ఇందులో ఎవరూ ఏమీ కాజేయలేదు.

ఇక ఇ డ్రైవ్. లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడొచ్చే రకమైతే అదీ తీసేయండి. చాలా మోడళ్లలో డీవీడీ డ్రైవ్‌ను అడుగువైపు ఒకే ఒక్క స్క్రూ పట్టి ఉంచుతుంది. దాని పక్కన చిన్న డిస్కు గుర్తు ఉంటుంది. ఆ స్క్రూ తీసి క్యాడీని పక్కకి లాగితే జారి వచ్చేస్తుంది. క్యాడీలోంచి హార్డ్‌డిస్కును విడదీసి, యూఎస్‌బీ 3.0 నుంచి సాటాకి మార్చే కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించండి. రెండున్నర అంగుళాల డిస్కు కాబట్టి విడిగా కరెంటు అడాప్టర్ అక్కర్లేదు, యూఎస్‌బీ పవర్ చాలు.

ఇలా తగిలించగానే ఇ డ్రైవ్ మామూలుగా తెరుచుకునే అవకాశం బాగానే ఉంది. అలా తెరుచుకుంటే తప్పు డిస్కుది కాదు, క్యాడీది. ఈ క్యాడీలు 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు అని రెండు మందాల్లో వస్తాయి. కొలత చూసుకోకుండా చేతికందింది బిగిస్తే కనెక్టర్ సగమే కూర్చుంటుంది, లాప్‌టాప్ కదిలినప్పుడల్లా కాంటాక్ట్ పోతుంటుంది. కొన్ని క్యాడీల పక్కన చిన్న జారుడు స్విచ్ కూడా ఉంటుంది. లాప్‌టాప్ రకాన్ని బట్టి దాని స్థానం మార్చాలి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. డ్రైవ్ తెరుచుకుందంటే పరీక్షలు తర్వాత, ముందు కాపీ చేసుకోండి. ముఖ్యమైన ఫోల్డర్లు మొదట, సినిమాలు ఆఖర్న.

తెరుచుకోకపోతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్కు ఆరోగ్యం చూడాలి. ఇందులో అంకెలు మొదట హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి, వాటిని చూసి లేనిపోని కంగారు పడతారు. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్, అందులో 10 అన్నది ఎంచుకుంటే మామూలు అంకెల్లోకి వస్తాయి. పైన నీలం రంగులో ‘గుడ్’ అని ఉంది కదా అని వదిలేయకండి, నాలుగు వరసలు చూడండి. 05 అంటే పాడైన సెక్టార్ల బదులు అదనపు సెక్టార్లను వాడుకున్న లెక్క. సి5 అంటే ప్రస్తుతం చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. సి6 అంటే ఎంత ప్రయత్నించినా చదవడం కుదరనివి. ఈ మూడూ సున్నా ఉండాలి. నాలుగోది సి7. ఇది డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో వచ్చిన తప్పుల లెక్క, దాదాపు ఎప్పుడూ కేబుల్ లేదా కనెక్టర్ వల్లే పెరుగుతుంది. మీ దాంట్లో 05, సి5, సి6 సున్నాలుండి సి7 మాత్రం వందల్లో ఉంటే, ‘డిస్కు పోయింది’ అన్నమాట తప్పు. వాళ్లు బిగించిన క్యాడీయే దోషి. ఆ స్క్రీన్‌ను ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

05, సి5, సి6 సున్నాలుండి కూడా ఇ డ్రైవ్ ‘రా’ అని కనిపిస్తుంటే, దెబ్బతిన్నది ఫైల్ సిస్టమ్ మాత్రమే, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే లెక్క. దానికి టెస్ట్‌డిస్క్ చాలు, అదీ ఉచితమే. డిస్కును ఎంచుకుని, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఇ భాగం మీద నిలబడి ‘బూట్’ నొక్కండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) తన బూట్ సెక్టార్ నకలు ఒకటి ఆ భాగం చివర్లో దాచుకుంటుంది. అసలుది పాడై నకలు బాగుంటే ‘బ్యాకప్ బీఎస్’ అనే బటన్ కనిపిస్తుంది. నొక్కేముందు ‘లిస్ట్’తో ఫైళ్లు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తుంటే అక్కడి నుంచే వేరే డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు, రిపేర్ ఆ తర్వాత సంగతి. టెస్ట్‌డిస్క్ నల్ల తెర చూసి భయపడేవాళ్లకి డీఎండీఈ అనే ఇంకో రికవరీ ప్రోగ్రామ్ ఉంది. దాని ఉచిత వెర్షన్‌లో ఒకసారికి ఒక ఫోల్డర్ నుంచి 4,000 ఫైళ్ల దాకా వెనక్కి తీసుకోవచ్చు, ఇంట్లో ఫోటోలకి ఇది సరిపోతుంది. ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్‌ను ఆఖరి ప్రయత్నంగా ఉంచుకోండి. ఫోటోలైతే తెస్తుంది గానీ పేర్లూ ఫోల్డర్లూ పోతాయి. పెళ్లి ఫోటోలూ వాట్సాప్ గుడ్‌మార్నింగ్‌లూ ఒకే కుప్పలో పడితే ఏరుకోలేక చస్తారు.

సి5, సి6లో అంకెలుంటే దారి వేరు. చావడానికి సిద్ధంగా ఉన్న డిస్కు మీద రికవరీ సాఫ్ట్‌వేర్ నేరుగా నడపకూడదు. ఆ సాఫ్ట్‌వేర్ చదవలేని చోటే పదేపదే గుద్దుకుంటూ ఉంటుంది, హెడ్లు అక్కడే అరిగిపోతాయి. షాపుల్లో రికవరీ పేరుతో రాత్రంతా ఇదే చేయించి, పొద్దున్నే ‘రాలేదు సార్’ అంటుంటారు. ముందు మొత్తం డిస్కుకి ఇమేజ్, అంటే ఒకే ఫైలుగా పూర్తి నకలు, తీయాలి. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాంతో బూట్ చేస్తే అందులో ఇమేజ్ తీసే డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్ రెండూ ఉంటాయి. ఇమేజ్ పెట్టుకోవడానికి 2 టీబీ బయటి డిస్కు కావాలి. ఇంకో 1 టీబీ డిస్కు సరిపోదు, ఎందుకంటే ఫార్మాట్ చేశాక అందులో పూర్తి 1 టీబీ ఖాళీ మిగలదు. ఆ బయటి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

డీడీరెస్క్యూను రెండు విడతల్లో నడపండి. మొదటి విడత ‘-ఎన్’ ఆప్షన్‌తో. ఇది తేలిగ్గా వచ్చే చోట్లన్నీ చదివేసి, మొండి చోట్లను వదిలేస్తుంది. రెండో విడత ‘-ఆర్3’తో. మిగిలిపోయిన చోట్లను మూడేసిసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. రెండు విడతలకీ ఒకే మ్యాప్ ఫైలు పేరు ఇవ్వాలి. కరెంటు పోయినా ఆపిన దగ్గర్నుంచి మొదలుపెట్టేది ఆ ఫైలు వల్లే. బాగున్న 1 టీబీ డిస్కైతే మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. పాడైనదైతే రోజులు పట్టొచ్చు. అన్నిటికంటే ప్రమాదం, ఏది పాతది ఏది కొత్తది అని తారుమారు చేయడం. ఎంటర్ నొక్కేముందు డిస్కు మోడల్, సైజు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇమేజ్ చేతికొచ్చాక టెస్ట్‌డిస్క్ అయినా డీఎండీఈ అయినా దాని మీదే నడపండి, అసలు డిస్కును డబ్బాలో పెట్టేయండి.

విండోస్‌లోనే ఉండే డిస్కు తనిఖీ సాధనం చెక్‌డిస్క్ మాత్రం నడపొద్దు. యూట్యూబ్‌లో ప్రతివాడూ మొదట చెప్పేది అదే. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిపోయేలా చూడటం. మీ ఫైళ్లను కాపాడటం దాని పని కాదు. లెక్క కుదరని వాటిని కోసేస్తుంది, లేదా పేర్లు పీకేసి ఒక దాపుడు ఫోల్డర్‌లో పడేస్తుంది.

డిస్కు టకటకా కొడుతుంటే, లేదా తిరగడం మొదలై ఆగిపోతుంటే పైవేవీ వద్దు. వెంటనే కరెంటు తీసేయండి. ప్రతి ఆన్‌తోనూ హెడ్డు ప్లేటును గీస్తుండొచ్చు. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పి చూడటం, ఇంకో డిస్కు సర్క్యూట్ బోర్డు మార్చేయడం లాంటి చిట్కాలతో ఉన్న అవకాశమూ పోతుంది. బోర్డు మీద ఉండే చిన్న రోమ్ చిప్‌లో ఆ డిస్కుకే ప్రత్యేకమైన సమాచారం ఉంటుంది. ఆ చిప్‌ను కూడా మార్చకుండా బోర్డు ఒక్కటీ మారిస్తే పని చేయదు. ఇలాంటి డిస్కుకి దుమ్ములేని గదీ, విడిభాగాల డిస్కులూ ఉన్న ల్యాబే దిక్కు.

ఆ ఎనిమిది వేల మాట దగ్గరికి వస్తే, ఇవ్వాలనుకుంటే నాలుగు ప్రశ్నలు అడగండి. మీరే చేస్తారా, బయటికి పంపుతారా? ముందు ఇమేజ్ తీస్తారా, నేరుగా సాఫ్ట్‌వేర్ నడుపుతారా? డేటా రాకపోతే డబ్బు ఎంత? వచ్చిన ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు తీసుకుంటారా? రెండో ప్రశ్నకి తడబడితే డిస్కు వెనక్కి తీసుకుని వచ్చేయండి. ఒకవేళ వాళ్లే పొరపాటున ఇ డ్రైవ్‌ను క్విక్ ఫార్మాట్ చేసి ఉన్నా, హార్డ్‌డిస్కులో డేటా సాధారణంగా అలాగే ఉంటుంది. దాని మీద కొత్తగా రాస్తేనే పోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. 2016 తర్వాత వచ్చిన పల్చటి 1 టీబీ, 2 టీబీ డిస్కుల్లో చాలావరకు ఎస్‌ఎంఆర్ (ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసే) రకం, వాటిలో కొన్ని ఎస్‌ఎస్‌డీలాగే ట్రిమ్ ఆదేశాన్ని (ఈ చోట్లలోని డేటా ఇక అక్కర్లేదని విండోస్ చెప్పే మాట) పాటిస్తాయి. అలాంటి దాన్ని ఫార్మాట్ చేస్తే పాత డేటా అడిగినా సున్నాలే వస్తాయి. ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ చేసినదైతే వెనక్కి రావడం దాదాపు కల్ల.

ఫోటోలు చేతికొచ్చాయి అనుకుందాం. ఇప్పుడు బూట్ సంగతి.

పాత డిస్కు తీస్తే బూట్ కాకపోవడానికి కారణం చాలా సాదా. విండోస్ ఎక్కించేటప్పుడు రెండు డిస్కులూ తగిలించే ఉంచారు. ఏదో ఒక డిస్కులో అప్పటికే ఈఎఫ్‌ఐ భాగం (బూట్ ఫైళ్లు ఉండే చిన్న ముక్క) ఉంటే, విండోస్ సెటప్ కొత్తది తయారు చేయదు, బూట్ ఫైళ్లను అందులోనే పడేస్తుంది. మీ సి డ్రైవ్ ఎస్‌ఎస్‌డీలో ఉంది, దాన్ని లేపే ఫైళ్లు పాత హార్డ్‌డిస్కులో ఉన్నాయి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కళ్లకి కనిపిస్తుంది. హార్డ్‌డిస్కు వరసలో ‘ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్’ అని చిన్న ముక్క ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ వరసలో ఉండదు. విండోస్ ఎక్కించేముందు మిగతా డిస్కులన్నీ పీకేయాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఐదు నిమిషాలు మిగులుతాయని దాన్ని ఎగ్గొడతారు.

దీన్ని విండోస్ చెరపకుండా కూడా సరిచేయొచ్చు. ముందు ఎస్‌ఎస్‌డీ జీపీటీయా ఎంబీఆరా చూడండి, ఇవి డిస్కు భాగాల పట్టికను రాసే కొత్త, పాత పద్ధతులు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్కు పేరు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్, పార్టిషన్ స్టైల్. జీపీటీ అయితే పాత డిస్కు తీసేసి విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ తెర వస్తుంది. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ కూడా నొక్కాలి. డిస్క్‌పార్ట్‌లో సి వాల్యూమ్‌ను ఎంచుకుని 300 ఎంబీ కుదించాలి. ఆ ఖాళీలో 260 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ సృష్టించి, ఫ్యాట్32లో క్విక్ ఫార్మాట్ చేసి, దానికి జడ్ అక్షరం ఇచ్చి బయటికి రావాలి. తర్వాత ‘బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ జడ్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ’. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినప్పుడు మీ సి కాస్తా డి అయి కూర్చునే అవకాశం ఉంది, ముందు లిస్ట్ వాల్యూమ్ కొట్టి చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ ఎంబీఆర్ అయితే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది గానీ, దానికి బూట్ భాగం అదే డిస్కులో ఉండాలి. మీకు లేదు కాబట్టి అది ఒప్పుకోదు.

అయితే మీ విషయంలో నా సలహా, ఈ మరమ్మతు వద్దు. ఆ విండోస్‌నే తీసేయండి. ఎందుకో చూడండి. హోమ్‌తో వచ్చిన లాప్‌టాప్‌లో ప్రో ఉందంటే, షాపువాళ్లు తమ దగ్గరున్న రెడీమేడ్ పెన్‌డ్రైవ్‌తో పని కానిచ్చేశారన్నమాట. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరవండి. ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు’ ద్వారా యాక్టివేట్ అయిందనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉంటే, అది కేఎంఎస్ పద్ధతి. కంపెనీలు తమ ఉద్యోగుల కంప్యూటర్లకి వాడేది అదే, దాని గడువు 180 రోజులు, మధ్యలో సర్వర్‌తో మాట్లాడుతూ పొడిగించుకుంటూ ఉంటుంది. మీ ఇంట్లో ఏ కంపెనీ సర్వరూ లేదు. అంటే ఒక దొంగ ప్రోగ్రామ్ మీ లాప్‌టాప్‌లోనే కూర్చుని సర్వర్ వేషం వేస్తోంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అన్నిటికంటే కింద ఎక్స్‌క్లూజన్స్ చూడండి. అక్కడ మీరు పెట్టని ఫోల్డర్ ఏదైనా ఉంటే, ‘దీన్ని వెతకొద్దు’ అని యాంటీవైరస్‌కి ముందే చెప్పి ఉంచారన్నమాట. సి డ్రైవ్ మొత్తాన్నే అక్కడ చేర్చిపెట్టే ఘనులూ ఉన్నారు. ఆ లాప్‌టాప్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకండి, ఇప్పటికే కొట్టి ఉంటే ఫోన్‌లోంచి మార్చేయండి.

ఇంకో చిరాకు పుట్టించే సంగతి, మీరు విండోస్‌కి అప్పుడే డబ్బు కట్టేశారు. విండోస్ 8 నుంచీ బ్రాండెడ్ లాప్‌టాప్‌ల మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే కీ రాసి వస్తుంది. డిస్కు మార్చినంత మాత్రాన ఆ కీ పోదు. వాళ్లు అసలైన హోమ్ ఎక్కించి ఉంటే ఏ కీ అడగకుండా దానంతటదే యాక్టివేట్ అయ్యేది. మీ సొంత లైసెన్సును పక్కన పెట్టి దొంగది ఎక్కించారు, దానికి ‘విండోస్ ఇన్‌స్టాలేషన్’ అని డబ్బు కూడా తీసుకుని ఉంటారు.

కాబట్టి ఇలా చేయండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి ఇన్‌స్టాలర్ తయారు చేసుకోండి. లాప్‌టాప్‌లో పాత హార్డ్‌డిస్కు లేదని ఖాయం చేసుకోండి. బయోస్‌లోకి (విండోస్ లేవకముందే తెరిచే లాప్‌టాప్ సెట్టింగ్స్) వెళ్లి బూట్ మోడ్ యూఈఎఫ్‌ఐలో ఉందా, సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉందా చూడండి. లెగసీ అని ఉంటే మార్చండి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కీ అడిగితే లేదనండి, కస్టమ్ ఎంచుకోండి. ఎస్‌ఎస్‌డీలోని పార్టిషన్లన్నీ ఒక్కొక్కటీ డిలీట్ చేసి, మొత్తం ఒకే ‘అన్‌అలొకేటెడ్ స్పేస్’ అయ్యాక, ‘న్యూ’ ఏదీ నొక్కకుండా నేరుగా నెక్స్ట్ కొట్టండి. ఈఎఫ్‌ఐ, 16 ఎంబీ రిజర్వ్‌డ్ ముక్క, సి, రికవరీ, కావలసినవన్నీ అదే సరైన వరసలో వేసుకుంటుంది.

ఏ విండోస్ అన్నదాని మీద ఒక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, మీ ఆరో తరం ఆ జాబితాలో లేదు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ తనిఖీలు దాటించి ఎక్కించొచ్చు, పని చేస్తుంది కూడా. కానీ ఏటా వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, ప్రతిసారీ మళ్లీ పెన్‌డ్రైవ్‌తో కూర్చోవాలి. బ్రౌజరూ యూట్యూబూ మాత్రమే వాడేవాళ్లైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసేయడం నయం.

నెమ్మదిగా ఆన్ కావడానికి అసలు కారణం దాదాపుగా ఆ పాత హార్డ్‌డిస్కే అయ్యుంటుంది. విండోస్ లేచేటప్పుడు తగిలి ఉన్న ప్రతి డిస్కునూ పలకరిస్తుంది. అది జవాబివ్వకపోతే కాసేపు ఎదురుచూసి, రీసెట్ చేసి, మళ్లీ అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగమైనా ఆ ఎదురుచూపు తప్పదు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే 7, 129, 153 నంబర్ల ఎంట్రీలు గుట్టగా కనిపిస్తాయి. డిస్కు తీసేశాక కూడా నెమ్మదిగానే ఉంటే రెండు చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర రెండు అంకెలుంటాయి, మొదటిది ఇప్పుడు నడుస్తున్నది, రెండోది డిస్కు సత్తా. సాటా/600 | సాటా/600 ఉండాలి. మొదటిది 300 అయితే ఎస్‌ఎస్‌డీని సరిగ్గా బిగించలేదు, లేదా డీవీడీ పోర్టులో పెట్టారు. ఎస్‌ఎస్‌డీ ఎప్పుడూ అసలు హార్డ్‌డిస్కు స్థానంలో ఉండాలి. రెండోది, ఎంఎస్‌ఇన్ఫో32లో కాంపోనెంట్స్, స్టోరేజ్, డిస్క్స్ కింద పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది. మొదటి పార్టిషన్‌కి 10,48,576 బైట్లు ఉండాలి. 32,256 ఉంటే పాతకాలపు ఘోస్ట్ ఇమేజ్ (ముందే తయారుచేసి పెట్టుకున్న విండోస్ నకలు) దించారని అర్థం. అప్పుడు ఎస్‌ఎస్‌డీ ప్రతి చిన్న రాతకీ రెండు చోట్ల రాయాల్సి వస్తుంది. పైన చెప్పినట్టు శుభ్రంగా ఎక్కిస్తే ఇదీ పోతుంది.

పార్టిషన్ల గురించి మీరు అడగలేదు, కానీ షాపులో తప్పకుండా అడుగుతారు, ‘సి, డి, ఇ ఎన్ని చేయమంటారు సార్’ అని. సికి 100 జీబీ ఇచ్చి మిగతాది ముక్కలు కొట్టడం ఎక్స్‌పీ రోజుల అలవాటు. ఏడాది తిరిగేసరికి అప్‌డేట్లతో, ఫోన్ బ్యాకప్‌లతో సి ఎర్రగా మారుతుంది. పెంచుదామంటే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ బూడిద రంగులో ఉంటుంది. సిని ఆనుకుని కుడివైపున ఖాళీ ఉంటేనే అది పెరుగుతుంది, మధ్యలో రికవరీ ముక్కో డినో అడ్డుంటే పెరగదు. 512 జీబీకి ఒక్క సి చాలు. కాదు, డి ఉండాల్సిందే అంటే సికి 200 జీబీకి తగ్గకండి. పదిహేను ఇరవై శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచండి, నిండిన ఎస్‌ఎస్‌డీ నత్తలా నడుస్తుంది. డి డ్రైవ్ ఉంది కదా అని దాన్ని బ్యాకప్ అనుకోవద్దు, రెండూ ఒకే చిప్పుల మీద ఉన్నాయి.

ఇక షాపు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ అయినా, మీ ఊళ్లో బస్టాండు పక్కన కొట్టైనా, కౌంటర్ మీద పావుగంట నిలబడి చూసుకుంటే ఇవేవీ ఇంటిదాకా రావు. ఇచ్చేముందు డేటా కాపీ చేసుకోండి. కాపీ చేసుకోలేకపోతే పాత డిస్కును మీ ముందే తీయించి జేబులో వేసుకోండి. ఎస్‌ఎస్‌డీ వేయడానికి అది లోపల ఉండాల్సిన పనే లేదు. పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన పనీ లేదు. కాస్త కొత్త లాప్‌టాప్‌లైతే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయ్యుంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ ఉందో లేదో ముందే చూసి రాసుకోండి. షాపులో బయోస్ కదిలించగానే అది ఆ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డేటాను ఏ ల్యాబూ తేలేదు. రామ్ ఎంత ఉందో టాస్క్ మేనేజర్ ఫోటో తీసుకోండి.

తీసుకునేటప్పుడు ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద సీరియల్ నంబరూ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కనిపించే సీరియల్ నంబరూ ఒకటేనా చూడండి. డబ్బా ఒక కంపెనీదీ లోపల ఇంకోటీ ఉండటం అరుదేం కాదు. పవర్ ఆన్ అవర్స్ పదిలోపు ఉండాలి, వందల్లో ఉంటే అది వాడినది. హార్డ్‌డిస్కుల్లో ఈ గంటలను సున్నా చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. 2025 మొదట్లో వాడేసిన సీగేట్ డిస్కులు కొత్తవిగా అమ్ముడైన వ్యవహారం జర్మనీలో బయటపడింది ఇలాగే, కంపెనీ విడిగా దాచే ఫార్మ్ లాగ్ చూసి. సీరియల్ నంబరును అక్కడే ఫోన్‌లో తయారీదారు వారంటీ పేజీలో కొట్టండి. జీఎస్‌టీ బిల్లు మీద ఆ నంబరు రాయించుకోండి. తెల్లకాగితం మీద ‘ఎస్‌ఎస్‌డీ 512, 1 నంబరు’ అని రాసిస్తే వారంటీ అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు మీరు వెళ్లి ఏం అడగొచ్చంటే, సి7 అంకెలున్న ఫోటో చూపించి క్యాడీ మార్చమనండి లేదా డబ్బు తిరిగివ్వమనండి. ఇన్‌స్టాలేషన్‌కి తీసుకున్న డబ్బు వెనక్కి అడగండి, మీ హోమ్ లైసెన్సు మదర్‌బోర్డులో ఉండగా దొంగ ప్రో ఎందుకు వేశారో చెప్పమనండి. గొంతు పెంచకుండా, యాక్టివేషన్ పేజీ, ఎక్స్‌క్లూజన్స్ పేజీ ఫోటోలు పక్కన పెట్టి అడిగితే చాలామంది అక్కడికక్కడే దిగొస్తారు. దిగిరాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, బిల్లు నంబరు అడుగుతారు. దానితోనూ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు కేసులకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయొచ్చు. ఫిర్యాదు చేయబోయేటట్టయితే శుభ్రంగా విండోస్ ఎక్కించే ముందే ఆ ఫోటోలన్నీ తీసుకోండి, తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.